కార్డుకు ముందు మొక్కు

ఉగాది వెళ్ళిన తరువాతి సోమవారం, పగలు పదకొండు గంటలకు, ఉదయగిరి అవతల మా ఇలవేల్పు నరసింహస్వామి గుడి ముందర ఒక రాతి మీద కూర్చోబెట్టి నా తల గొరిగారు. దానితోపాటు మీసమూ తీసేశారు. గంట ఎంతో పూజారి చేతిగడియారం చూసి చెప్పాడు. సంవత్సరం 1954.

తల సంగతి పెద్దది కాదు. మీసం సంగతే చెప్పాలి. నేను తిరిగి బర్మాలోకి రావడానికి నా దగ్గర ఉన్నది ఒకే ఒక కాగితం. దాని మీద నా ఫోటో ఉంది. ఆ ఫోటోలో సగం ముఖం మీసమే.

ఈ ప్రయాణం గురించి రంగూన్‌లో మన వీధివాళ్ళు నన్ను చాలాసార్లు అడిగారు. ఇక్కడే పుట్టి ఉదయగిరి ఎట్లా ఉంటుందో చూడని పిల్లలు మరీ అడిగారు. ఒక్కొక్కరికి చెప్పడం కంటే రాసి పెట్టడం మేలనిపించింది. నలభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి, పెద్ద మాటలు రావు. చూసింది రాస్తాను.

మొక్కు ఎట్లా వచ్చింది

నేను ఉదయగిరి వడ్రంగిని. పేరు పెంచలయ్య. రంగూన్ వచ్చి ఇరవై ఏడేళ్ళయింది. ముందు టేకు మిల్లులో కోతపని చేశాను, తరువాత సొంతంగా కుర్చీలు బల్లలు చేసే కొట్టు పెట్టుకున్నాను. యుద్ధంలో మనవాళ్ళు కొండలు దాటి నడిచి వెళ్ళిపోయినప్పుడు కూడా నేను కదలలేదు. నా కొట్టు, నా భార్య రమణమ్మ, కూతురు, అల్లుడు అందరూ ఇక్కడే. ఊళ్ళో నాకు గోడ కూడా మిగల్లేదు.

బర్మాకు స్వతంత్రం వచ్చాక, బయటి నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ ఉండాలంటే అనుమతి కావాలన్నారు. తిరగ్గా తిరగ్గా స్థిరంగా ఉండవచ్చునని నాకు అనుమతి వచ్చింది. కార్డు మాత్రం తరువాత ఇస్తామన్నారు. అంతవరకు ఫోటో అంటించి ముద్ర వేసిన ఆ కాగితం చేతిలో పెట్టారు.

ఆ రోజు ఇంటికి వస్తే రమణమ్మ సంతోషించక గోడ వైపు తిరిగి దండం పెట్టుకుంటోంది. సంగతి అప్పుడు బయటపడింది.

"చీటీ వస్తే నీ తలనీలాలు ఇప్పిస్తానని సామికి మొక్కుకున్నాను" అంది.

"నీ జుట్టు మొక్కుకోకపోయినావా?"

"చీటీ నీ పేరు మీద గదా వచ్చింది. నీ జుట్టే ఇయ్యాల."

కార్డు వచ్చాక పోదామన్నాను. మొక్కు తీరందే కార్డు ఎట్లా వస్తుందని ఆమె. ఆఫీసుకు పోయి అడిగితే, కార్డు వచ్చేదాకా దేశం దాటకుండా ఉంటే మంచిదని గుమాస్తా. ఇంట్లో ఆమె మొక్కు తీరితేనే కార్డంటుంది, ఆఫీసులో ఆయన కార్డు వస్తేనే ప్రయాణమంటాడు. ఇద్దరి మధ్య నేను నెల రోజులు నలిగాను. చివరకు ఆఫీసులో ఆ గుమాస్తాయే విసిగి, కాగితం వెనక తిరిగి రావలసిన గడువు రాసి ఇంకో ముద్ర కొట్టాడు. మూడు నెలలు.

"తిరిగి వచ్చినప్పుడు ఈ ఫోటో, నీ ముఖం ఒకటిగా ఉండాలి. గడువు దాటినా, మనిషి వేరని తోచినా వెనక్కి పంపుతారు. ఇప్పుడు నీకు ఇదే కార్డు" అన్నాడు బర్మా భాషలో.

"ముఖం ఎక్కడికి పోతుంది?" అన్నాను.

ఓడ మీద

ఓడలో పై తట్టు మీద చాప పరుచుకోవడమే. నా పక్కన కాకినాడ వైపు ఆయన, రిక్షా లాగి కూడబెట్టిన పైకంతో చెల్లెలి పెళ్ళికి పోతున్నాడు. నేను నోరు తెరిస్తే నవ్వేవాడు.

"ఉండాది ఏంటండీ బాబూ, ఉంది అనలేరా మీ నెల్లూరోళ్ళు?"

"ఉండేదాన్ని ఉండాది అనక ఏమంటారు? నువ్వు అండీ అండీ అని ఊడ్చే లోపల నేను రెండు మాటలు చెప్తా" అన్నాను. తరువాత మూడు పూటలు ఆయనే నాకు అన్నం పెట్టాడు. నా బుట్టలోని చేపల కూర మొదటి రోజే చెడిపోయింది. మూత గట్టిగా బిగించి ఎండలో పెట్టడం నా తప్పే.

మద్రాసు రేవులో పెట్టె విప్పించారు. చెల్లెలి కోసం లపెట్ తెచ్చాను. అంటే మగ్గబెట్టిన టీ ఆకు. ఇక్కడ పెళ్ళికి పిలవాలన్నా తగువు తీర్చాలన్నా అదే పెడతారు కదా. తనిఖీ చేసే ఆయన మూత తీసి ముక్కు మూసుకున్నాడు.

"కుళ్ళిపోయింది. పారెయ్యి."

"కుళ్ళలేదు, అట్లా చేస్తారు."

"నువ్వు తిను చూస్తాను."

పిడికెడు తిన్నాను. ఆయన పెట్టె మూయించాడు.

ఆత్మకూరు

నెల్లూరులో బస్సెక్కితే ఆత్మకూరు చేరేసరికి చొక్కా రంగు మారింది. నేను వెళ్ళినప్పుడు ఇది మద్రాసు రాజధానిలో ఊరు. ఇప్పుడు ఆంధ్ర రాష్ట్రమనీ, పెద్ద ఆఫీసులన్నీ కర్నూలనీ చెప్పారు. ఊరు మాత్రం కదల్లేదు. అదే బజారు, అవే కోమట్ల కొట్లు, మిరపకాయల ఘాటు. బస్సు దిగగానే కాఫీ హోటలుకు వెళ్ళాను. కాఫీ అణా. రంగూన్‌లో ఆ డబ్బుకు టీతోపాటు పలచని రొట్టె కూడా ఇస్తారు. కాఫీ మాత్రం బాగుంది, కాదనను. అయితే గ్లాసు ఇచ్చే ముందు "మీరేవుళ్ళు?" అని కులం అడిగాడు. ఇరవై ఏడేళ్ళలో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. రంగూన్ టీ కొట్టులో పొట్టి స్టూళ్ళ మీద చీనావాడు, బర్మావాడు, మనవాడు మోకాళ్ళు తగిలేట్టు కూర్చుంటారు. "తాగి డబ్బులిచ్చేవాళ్ళం" అన్నాను. ఆయన వేరే గ్లాసు కోసం వెతికాడు. నేను చూస్తూ ఊరుకున్నాను, ఎందుకంటే దప్పికగా ఉంది. లేకపోతే లేచిపోయేవాణ్ణి.

మా చెల్లెలు చెంచమ్మ ఈ ఊళ్ళోనే ఉంది. భర్త పోయాడు. కొడుకు మాలకొండయ్య పిల్లకాయలకు చదువు చెప్పే అయ్యవారు. చెంచమ్మ నన్ను గుమ్మంలోనే నిలబెట్టి పైనుంచి కిందకు చూసింది.

"ముసిలోడివైనావు గానీ మీసం మాత్రం అట్లే ఉండాది" అంది.

ఆ పూట జొన్న సంగటి, పెన్న చేపల పులుసు. చింతపండు, మామిడికాయ రెండూ వేసింది. చేయి కడుక్కున్నా వాసన పోకూడదు, అదీ పులుసంటే. భోజనమయ్యాక రంగూన్ కబుర్లు చెప్పమంది. అక్కడ ఆడవాళ్ళు కొట్లు నడుపుతారనీ, పెద్ద పెద్ద చుట్టలు కాలుస్తారనీ చెబితే నమ్మింది. మన ఉగాది రోజుల్లోనే వాళ్ళ కొత్త సంవత్సరమనీ, దారిన పోయేవాడి మీద బిందెలతో నీళ్ళు కుమ్మరిస్తారనీ చెబితే నమ్మలేదు.

"తాగే నీళ్ళా?"

"తాగేవే."

"ఊరకనే పోస్తారా? ఎండాకాలంలో?"

"పోసి నవ్వుతారు."

"ఉదయగిరిలో ఆ మాట చెప్పబాక అన్నా, కొడతారు" అంది చెంచమ్మ.

లపెట్ నోట్లో వేసుకుని కాసేపు నమిలి, పెరట్లోకి పోయి ఉమ్మి వచ్చింది. కొంచెంసేపయ్యాక ఇంకొంచెం అడిగింది.

ఉదయగిరి

చెంచమ్మ తానూ వస్తానంది. మొక్కు ఇంటి మొక్కు, ఆడబిడ్డ లేకుండా ఎట్లా అని. బస్సు కొండ కిందికి వచ్చింది. కోట గోడలు నేను వదిలిపెట్టినట్టే కొండకు అంటుకుని ఉన్నాయి. నాకంటే అవే కుదురుగా ఉన్నాయనిపించింది.

మొదట మస్తాన్ సాహెబ్ ఇంటికి పోయాను. ఇద్దరం కలిసి కర్ర చెక్కడం నేర్చుకున్నాం. అరుగు మీద నర్ది కర్ర ముక్కను బొటనవేళ్ళ మధ్య ఇరికించుకుని గరిటె చెక్కుతున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు:

"గిరాకీ లేదు, రేపు రా."

"రేపు దాకా ఉంటానో లేదో, ఈ రోజే చూడు."

అప్పుడు చూశాడు. చేతిలోది పక్కన పెట్టి లేచాడు. కౌగిలింతలు మాకు అలవాటు లేవు. నా చెయ్యి పట్టుకుని వేళ్ళు తిప్పి చూశాడు.

"పని చేస్తానే ఉండావు" అన్నాడు.

"టేకుతో."

"టేకు మెత్తన. నీకు సులువైపోయినాది."

గరిటె రెండణాలకు ఇస్తున్నాడు. ఇదే గరిటె మద్రాసులో ఆరణాలట. పొద్దున్నుంచి కూర్చుంటే ఎన్ని అవుతాయో నాకు తెలుసు కాబట్టి అడగలేదు. ఇంట్లో నుంచి సజ్జ రొట్టె, పచ్చిమిరపకాయ కారం వచ్చాయి. తింటూ నా కాగితం చూపించాను. ముద్ర వైపు, ఫోటో వైపు తిప్పి తిప్పి చూశాడు.

"యాడన్నా ఉండేదానికి ఒకరిని అడగాల్నా? ఇక్కడ ఎవర్నీ అడగబళ్ళేదు. వచ్చేయరాదూ. ఈ అరుగు మీద సగం నీదే" అన్నాడు.

"ఇక్కడ ఉండొద్దని ఎవరూ అనలేదు మస్తానూ. ఉండమని కూడా ఎవరూ అనలేదు. అక్కడ అడిగినాను, ఉండమన్నారు. నా బతుకులో ఎవరైనా ఆ మాట రాసి ఇచ్చింది అదొకటే."

అతను లోపలికి కేకేశాడు. రొట్టె ఇంకొకటి వేయించాడు.

మర్నాడు గుడి. గుడి అంటే నాలుగు రాతి స్తంభాలు, ఒక రేకు కప్పు. మంగలి రోశయ్య కత్తి నూరుతూ అడిగాడు.

"అన్నా, తలేనా, మీసం గూడానా?"

"తలనీలాలు మొక్కినాం. మీసం కాదు."

చెంచమ్మ ఒప్పుకోలేదు. "మగోడి మొక్కంటే మీసంతో గూడానే. మా ఆయన ఇచ్చినప్పుడు మీసం ఇయ్యలా?"

"మీ ఆయనకు మీసం యాడుండిందే? పెదవి మీద మసి అంటినట్టుండేది."

"ఉండేదాన్ని ఇచ్చినాడు. నువ్వు ఉండేదాన్ని దాచుకుంటా ఉండావు."

చుట్టూ నలుగురు చేరారు. నా కాగితం, ఫోటో సంగతి చెప్పాను. ఒకాయన ఫోటో తీసుకుని స్వామి వైపు చూపించి, "సామీ, ఇదీ సంగతి" అన్నాడు. నవ్వారు. పూజారి మాత్రం నవ్వలేదు.

"తల ఒక్కటిచ్చినా సామి ఏమీ అనడు. ఇంటికి పోయినాక మీకే తోస్తా ఉంటాది, సగం ఇచ్చినామే అని."

ఆ మాట నన్ను పట్టుకుంది. కుర్చీకి మూడు కాళ్ళు బిగించి నాలుగోది రేపు చూద్దామని నేను ఎన్నడూ లేవలేదు. ముఖం ముఖమే కదా, మీసం లేకపోతే ముక్కు మారుతుందా, కళ్ళు మారతాయా అనుకున్నాను.

"తీయిరా" అన్నాను.

రోశయ్య రెండు గీతల్లో తీసేశాడు. పెదవి మీద గాలి తగిలింది. ముప్పై ఏళ్ళ తరువాత తగిలింది.

మళ్ళీ ఆత్మకూరు

ఉదయగిరిలో ఎవరూ అద్దం చూపించలేదు. ఆత్మకూరులో మాలకొండయ్య గోడకున్న అద్దం ముందు నిలబడ్డాను. అందులో ఎవరో పూటకూళ్ళ ఇంటి వంటవాడు కనిపించాడు. పై పెదవి ఇంత పొడుగని నాకే తెలియదు. గడ్డం వెనక్కి పోయింది, చెవులు ముందుకు వచ్చాయి.

మాలకొండయ్య ఫోటో నా చెంప పక్కన పెట్టి చూశాడు. అయ్యవారు కదా, తప్పు పట్టడం అలవాటు.

"మామా, నేను ఆఫీసర్నైతే నిన్ను రానియ్యను" అన్నాడు.

"నోరు ముయ్యిరా" అంది చెంచమ్మ. కానీ ఆమె ముఖం కూడా మారింది. మీసం తీయించింది తానే కదా.

గడువు ఇంకా ఉంది. ఇక్కడే ఉండి మీసం పెంచుకుని పోతానన్నాను. ఆ వేసవి ఆత్మకూరులో నా పని అదే. ఇట్లాంటి యాత్ర ఇంకెవరూ చేసి ఉండరు. చెంచమ్మ పొద్దున ఆముదం, సాయంత్రం ఉల్లిపాయ రసం పూసేది. వాసనకు నేనే నాకు దూరంగా కూర్చునేవాణ్ణి. వీధిలో పోయేవాళ్ళు ఆగి పెదవి చూసి పోయేవారు. ఎదురింటి మిషను స్కూలు అయ్యవారమ్మ సారమ్మ దినమూ ప్రార్థనలో నా మీసం కలుపుతున్నానని చెప్పింది. ఆమె బాప్టిస్టు, నా మొక్కేమో నరసింహస్వామికి. ఎవరు చేసినా మంచిదేనన్నాను. మధ్యాహ్నాలు తాటిముంజలు, సాయంత్రాలు బజారు. వంద మామిడిపండ్లు రూపాయిన్నరకు వచ్చాయి. రంగూన్‌లో ఆ రుచి లేదు. ఈ ఒక్క విషయంలో రంగూన్ ఓడిపోయింది, రాస్తున్నాను.

ఒక రోజు మాలకొండయ్య నన్ను తాలూకా ఆఫీసుకు తీసుకుపోయాడు. గుండు గీయించుకున్న ఈ మనిషి, ఫోటోలో ఉన్న మనిషి ఒకరేనని రాసి ఇమ్మని అడిగాడు. అక్కడి గుమాస్తా నా తల చూసి, ఫోటో చూసి, మర్యాదగానే చెప్పాడు:

"పుట్టినదానికి ఇస్తాం, పోయినదానికి ఇస్తాం. గుండుకు ఇచ్చే రూలు లేదండీ."

మీసం వచ్చింది. కానీ తెల్లగా వచ్చింది. నాకు గుర్తుకు రాలేదు గానీ, ఫోటో తీయించిన రోజూ, నేను ఓడెక్కే రోజూ రమణమ్మ దీపపు మసి, ఆముదం కలిపి నా మీసానికి పట్టించింది. ఇప్పుడు పెదవి మీద ఉప్పు చల్లినట్టుంది. ముందరి కంటే అన్యాయంగా ఉన్నాను. పైగా సగం పెరిగింది, సగం పెరగలేదు.

"దీన్నే ఉంచుకుంటే ఫోటోకు తాత వచ్చినాడనుకుంటారు" అన్నాడు మాలకొండయ్య. గడువుకు ఇంకా పది పన్నెండు రోజులే ఉన్నాయి. ఓడ పట్టుకోవాలంటే ఆ వారమే కదలాలి.

అప్పుడే ఊళ్ళోకి వీధి నాటకం వాళ్ళు వచ్చారు. మాలకొండయ్య వాళ్ళతో మాట్లాడి, కాగితంలో చుట్టి ఒక మీసం తెచ్చాడు. నల్లగా, దట్టంగా, నా మీసం కంటే బాగుంది. జిగురు కూడా ఇచ్చారు. ఉన్న తెల్ల వెంట్రుకలు గొరిగించి, అది అతికించి చూశారు. చెంచమ్మ చప్పట్లు కొట్టింది.

"మా అన్న వచ్చేసినాడు. ఇంక పో, ఎవరాపుతారో చూస్తా."

అద్దంలో చూశాను. ఫోటో మనిషి అచ్చంగా ఉన్నాడు. రెండు నిమిషాలు ఉంచుకున్నాను. తరువాత పీకేశాను. చర్మం కూడా కొంచెం వచ్చింది.

"ఏంది మామా అది?" అన్నాడు మాలకొండయ్య.

"ఈ మీసం వేసుకుని నిన్న ఎవడు రాజైనాడో, మొన్న ఎవడు రాక్షసుడైనాడో. నన్ను ఉండమన్న దేశంలోకి వేషం వేసుకుని పోలేను. పట్టుకుంటే పోయేది మీసం కాదురా, నా మాట."

"రానియ్యకపోతే?"

"రానియ్యకపోతే మస్తాన్ అరుగు మీద సగం ఉండాది" అన్నాను. నిబ్బరంగానే అన్నాను. కానీ ఆ పూట చెంచమ్మ వడ్డించిన పులుసు నేను తినలేకపోయాను. మస్తాన్ అరుగు మీద సగం నాకు చాలు. రమణమ్మ రంగూన్‌లో కొట్టు తాళం వేసుకుని ఒక్కతే కూర్చోవడం నాకు కనిపించింది.

బస్సు దగ్గర చెంచమ్మ ఏడవలేదు. "నేనే తీయించినాను, నాదే తప్పు" అంది.

"తప్పేం లేదు. సగం ఇచ్చి వచ్చి ఉంటే రోజూ సణుక్కునేవాణ్ణి" అన్నాను. అది నిజం.

రంగూన్ రేవు

మద్రాసులో తనిఖీ చేసే ఆయన ఇంకా పొట్టి వెంట్రుకలే మొలిచిన నా తల చూసి "తిరుపతా?" అన్నాడు. "మా ఊరే" అన్నాను. ముద్ర కొట్టాడు. మనవాళ్ళకు గుండు చూస్తే కారణం చెప్పనక్కర్లేదు. భయమంతా ఇవతలి ఒడ్డున.

రంగూన్‌లో ఓడ దిగేసరికి వాన మొదలైంది. వరుసలో నా వంతు వచ్చింది. బల్ల వెనక ఆఫీసరు నాకంటే చిన్నవాడు, కళ్ళద్దాలు. కాగితం తీసుకుని నా తల చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"ఏ మఠంలో ఉన్నావు?" అని అడిగాడు బర్మా భాషలో.

నాకు ఒక్కసారిగా నవ్వు వచ్చింది. ఇరవై ఏడేళ్ళుగా మా వీధిలో ప్రతి ఇంటి మగపిల్లవాడూ గుండు చేయించుకుని కొన్నాళ్ళు సన్యాసం పుచ్చుకోవడం చూస్తున్నాను. ఆత్మకూరులో కూర్చుని వీళ్ళకు గుండు ఏం అర్థమవుతుందని బెంగపడ్డాను.

"మఠం కాదు. మా ఊరి దేవుడికి మొక్కు" అన్నాను.

"ఏమని మొక్కావు?"

"ఈ దేశంలో ఉండమంటే ఇస్తానని."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తరువాత ఫోటో చూశాడు. చాలాసేపు చూశాడు.

"తల సరే. ముఖం సంగతి చెప్పు. ఈ ముఖం, ఆ ముఖం ఒకటని నేను ఏ లెక్కన రాయాలి?"

"మీసం కూడా ఇచ్చాను."

"నువ్వు అబద్ధం చెబుతున్నావని అనను. నాకు మాత్రం కనబడటం లేదు." కాగితం బల్ల మీద తన వైపే ఉంచుకున్నాడు. "బయట నీ వాళ్ళున్నారా? ఈ దేశపువాళ్ళో, ఇక్కడ ఉండే అనుమతి ఉన్నవాళ్ళో ఇద్దరు, చుట్టాలు కానివాళ్ళు, ఇతను ఫలానా అని సంతకం పెట్టాలి. తప్పని తేలితే వాళ్ళ అనుమతి కూడా పోతుంది. లేకపోతే ఇదే ఓడలో వెనక్కి పో."

జవాను బయటికి పోయి నా పేరు పిలిచాడు. మొదట రమణమ్మ వచ్చింది. గొడుగు మూసుకుంటూ నన్ను చూసి, నన్ను దాటుకుని, జవానును అడిగింది.

"యాడ మా ఆయన?"

ఆఫీసరు తనకు తెలుగు రాకపోయినా అర్థం చేసుకున్నాడు. నా వైపు చూసి కనుబొమలు ఎత్తాడు.

"ఇక్కడే ఉండానులే" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగింది. దగ్గరికి వచ్చింది. నా ముఖంలో వెతుక్కుంది. అప్పుడు ఆమె నోరు లేచింది.

"మీసం ఎవరు తియ్యమన్నారు నిన్ను? నేను మొక్కింది తలనీలాలు. తలమీద పెరిగేయి. మీసం మొక్కినానా నేను? ఎవరి మాట విని తీసినావు? చెంచమ్మ మాట వినుంటావు."

"సగం ఎందుకని..."

"సగమేంది, నేను మొక్కిందే అంత. దేవుడు అడిగినాడా, నేను అడిగినానా? నిన్ను పంపించినందుకు నన్ను కొట్టుకోవాల."

ఆఫీసరు ఆమె ఏమంటోందని అడిగాడు. ఆమె వెనకనే వచ్చిన మా పక్కింటి డా మ్యా, మోహింగా అనే చేపల పులుసు సేమ్యా అమ్ముకునే బర్మా ఆమె, నోటిలోని చుట్ట తీసి అంతా వివరంగా చెప్పింది. రేవులో నవ్వని మనిషి లేడు. ఆఫీసరు కూడా నవ్వాడు. కానీ కాగితం ఇవ్వలేదు.

"భార్య సంతకం చెల్లదు" అన్నాడు.

డా మ్యా వెంటనే ముందుకు వచ్చి, నా గొంతు పదేళ్ళుగా గోడ అవతలి నుంచి వింటున్నాననీ, ముఖం అక్కర్లేదనీ చెప్పి పేరు రాసింది. ఆమె ఈ దేశపు మనిషి, ఆమెకు పోయేదేమీ లేదు. రెండో మనిషి కావాలి. అక్కడ మనవాడు కోటయ్య ఉన్నాడు. జలదంకి మనిషి, నా పాత మిల్లు వాడు, ఇరవై ఏళ్ళ స్నేహం. నేను అతని వైపు చూశాను. అతను నా చెప్పుల వైపు చూశాడు. అతని కార్డు కూడా ఇంకా రాలేదు, ఇంట్లో నలుగురు ఆడపిల్లలు.  

అప్పుడు సరుకు పనిమీద రేవులోనే ఉన్న మా ఎదురు కొట్టు చీనా వడ్రంగి ఆ చోయ్ ముందుకు వచ్చాడు. మా ఇద్దరికీ పదిహేనేళ్ళుగా పోటీ. గిరాకీలు లాక్కుంటాడని అతని మీద నేను అన్న మాటలు ఇక్కడ రాయను. నా చుట్టూ ఒకసారి తిరిగి చూసి ఆఫీసరుతో అన్నాడు:

"వీడే. వీడు కాకపోతే నాకు మంచిదే, కానీ వీడే."

తన కార్డు తీసి బల్ల మీద పెట్టి సంతకం చేశాడు.

ఆఫీసరు ముద్ర కొట్టాడు. ఇది రాసేనాటికి నా కార్డు రాలేదు. వస్తుంది. మీసం కూడా వస్తోంది, తెల్లగానే. దాన్ని నల్ల చేయొద్దని ఇంట్లో చెప్పాను.

ఆ రోజు రేవులో ఉన్నవాళ్ళ పేర్లు రాస్తున్నాను. నా భార్య రమణమ్మ. కూతురు కామాక్షి, అల్లుడు వెంకటరత్నం. డా మ్యా. ఆ చోయ్. ఆఫీసరు ఊ శాన్ థీన్, పేరు తరువాత అడిగి తెలుసుకున్నాను. జవాను పేరు అడిగితే చెప్పకుండా నవ్వాడు. కోటయ్య కూడా ఉన్నాడు. వెళ్ళిపోలేదు. అంతా అయ్యేదాకా వానలో నిలబడి, నా పెట్టె ఇంటిదాకా అతనే మోశాడు.